డెర్రీ సెయింట్ కొలంబ్స్: రెండు నోబెల్‌ల ఘనత బడిదా, చట్టానిదా?

ఫోయిల్_ఒడ్డున
మేం ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీకి కొత్త. ఆసుపత్రి ఉద్యోగం మీద వచ్చాం. మావాడు వచ్చే ఏడాది పి7 (ఇక్కడి ప్రైమరీలో ఆఖరి తరగతి). ఇక్కడ ఎవరిని కదిపినా ఒకటే మాట: "మగపిల్లాడా? అయితే సెయింట్ కొలంబ్స్." ఎందుకయ్యా అంటే, ఇద్దరు నోబెల్ వాళ్ళు చదివిన బడి అంటారు. లక్ష జనాభా కూడా లేని ఊరు ఇది. ఒకే బడి నుంచి ఇద్దరా? "ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు" అని టీవీలో ర్యాంకుల అరుపులు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇలాంటి మాట చెవిన పడగానే నాకు అనుమానమే వస్తుంది. ఇది నిజమేనా? నిజమైతే ఆ క్యాథలిక్ మగపిల్లల బడిలో అంత ఏముంది?

కవితా_పిచ్చి
నిజమేనండీ. షేమస్ హీనీకి 1995లో సాహిత్యం, జాన్ హ్యూమ్‌కి 1998లో శాంతి. హ్యూమ్‌ది డేవిడ్ ట్రింబుల్‌తో కలిపి ఇచ్చారు. హ్యూమ్ పుట్టింది 1937, హీనీ 1939. అంటే కొన్నేళ్ళు ఒకే ప్రాంగణంలో తిరిగారు.

సికింద్రాబాద్_సుబ్బు
నోబెల్ బ్యాచ్ అన్నమాట. ఫ్లెక్సీ కట్టారా లేదా 😀

లెక్కల_మాస్టారు
ఇద్దరే కదా. న్యూయార్క్‌లో బ్రాంక్స్ సైన్స్ అనే సర్కారు బడి ఉంది. అక్కడ చదివినవాళ్ళకి ఎనిమిదికి తక్కువ కాకుండా నోబెల్‌లు వచ్చాయి, దాదాపు అన్నీ ఫిజిక్స్‌లోనే. వేల మంది పిల్లల్లోంచి ఏరి తీసుకుంటే ఎక్కడో ఒకచోట ఇలా తగులుతుంది. బడికి కిరీటం పెట్టక్కర్లేదు.

కవితా_పిచ్చి
మాస్టారూ, బ్రాంక్స్ ఉన్నది ఎంత పెద్ద ఊళ్ళో, డెర్రీ ఎంత! పైగా ఇక్కడ ఇద్దరితో ఆగలేదు. నాటకకర్త బ్రయన్ ఫ్రీల్, విమర్శకుడూ నవలా రచయితా అయిన షేమస్ డీన్ (1996లో ఆయన నవల బుకర్ తుది జాబితాలో ఉంది), పాటలు కట్టిన ఫిల్ కౌల్టర్, గాయకుడు పాల్ బ్రేడీ, పౌరహక్కుల ఉద్యమంలో ముందున్న ఏమన్ మెకాన్, బిషప్ ఎడ్వర్డ్ డాలీ, ఐర్లండ్ రాయబారిగా పనిచేసిన జేమ్స్ షార్కీ. ఫ్రీల్ తప్ప మిగతావాళ్ళంతా దాదాపు ఒకే తరం. ఆ తరం మీదే 2009లో ఒక డాక్యుమెంటరీ కూడా తీశారు.

పాత_పేపర్ల_కట్ట
అదే కీలకం, ఒకే తరం. బడి పెట్టింది 1879లో. అప్పటి బిషప్ ఫ్రాన్సిస్ కెల్లీ హయాం. బిషప్ స్ట్రీట్‌లో, పాత ప్రొటెస్టెంట్ బిషప్పు హార్వీ గారి విలాసభవనం ఉండే స్థలంలో. పరమోద్దేశం డెర్రీ డయోసిస్‌కి (అంటే బిషప్ పరిధిలోని ప్రాంతానికి) కాబోయే పాదర్లని తయారు చేయడం. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళపాటు పాదర్లని, వైద్యుల్ని, టీచర్లని పంపింది. మంచి బడే. కానీ ఈ పేరుప్రఖ్యాతులు ఎప్పుడొచ్చాయి? 1950ల తర్వాత.

ఎందుకంటే 1947లో ఉత్తర ఐర్లండ్ విద్యాచట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో 1944లో వచ్చినదానికి ఇక్కడి రూపం. పదకొండేళ్ళప్పుడు పరీక్ష పెడతారు. దాన్నే ఇలెవన్ ప్లస్ అన్నారు. నెగ్గితే గ్రామర్ స్కూల్లో (ఏరి తీసుకున్న పిల్లల హైస్కూల్లో) సీటు, ఫీజు సర్కారుది. అంతకుముందు ఫీజు కట్టగలిగినవాడో, స్కాలర్‌షిప్ దొరికినవాడో తప్ప కూలివాడి కొడుకు ఆ గేటు దాటే ప్రసక్తి లేదు. హ్యూమ్ వాళ్ళ నాన్నకి చాలాకాలం పని లేదు, ఏడుగురు పిల్లల్లో ఈయన పెద్దవాడు. ఆ పరీక్ష రాసిన తొలి బ్యాచ్‌ల్లో ఒకడు. ఆ పరీక్షే లేకపోతే నేను లేను అని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు.

కాబట్టి నా మాట: ఘనత బడిది కాదు, చట్టానిది. బడి గేటు దగ్గర ఉంది, తాళం తీసింది మాత్రం సర్కారు.

గోదావరి_గట్టు
పాత పేపర్ల బాబాయ్, మీ లెక్కలో ఒక చిల్లు ఉంది. బ్రయన్ ఫ్రీల్ చేరింది 1941లో. మీ చట్టం అప్పటికి పుట్టనే లేదు.

పాత_పేపర్ల_కట్ట
ఫ్రీల్ వాళ్ళ నాన్న హెడ్మాస్టరు. పుస్తకాలున్న ఇల్లు. అలాంటివాళ్ళకి ఎప్పుడైనా దారి ఉంటుంది.

గోదావరి_గట్టు
మరి బిషప్ డాలీ? బెలీక్ అనే సరిహద్దు పల్లె నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చి బోర్డింగులో చదివాడు. అది కూడా చట్టం అమలయ్యే ముందే.

పాత_పేపర్ల_కట్ట
స్కాలర్‌షిప్ అంటే కిటికీ. నేను చెప్పేది తలుపు గురించి.

సికింద్రాబాద్_సుబ్బు
బాబాయ్ పంచ్ 🙏

బెల్‌ఫాస్ట్_బుజ్జి
చట్టాన్ని మరీ ఆకాశానికెత్తకండి. ఆ చట్టంలో క్యాథలిక్ బడులకి కట్టడాల ఖర్చులో 65 శాతమే ఇచ్చారు. అంతకుముందు 50 శాతం. మిగతాది చర్చి వాళ్ళు, జనం చందాలతో పూడ్చుకోవాలి. 80 శాతానికి పెరిగింది 1968లో. సర్కారు ఆస్తిగా ఉన్న బడులకి మాత్రం మొత్తం సర్కారే పెట్టింది. ఆ 65 శాతం కూడా యూనియనిస్టుల్లో (బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షం, అప్పటి పాలకులు) చాలామందికి నచ్చలేదు. చట్టం తెచ్చిన మంత్రి హాల్ థామ్సన్ ఆఖరికి 1949 చివర్లో దిగిపోవాల్సి వచ్చింది, అదీ క్యాథలిక్ బడుల టీచర్ల బీమా డబ్బు గొడవ మీద. అంటే తలుపు తీసినవాడికి సొంత పార్టీలోనే చోటు లేకపోయింది. ఆ పెంకుటిళ్ళ జనం ఆదివారం చర్చిలో వేసిన నాణేలు కూడా లెక్కలోకి రావాలి కదా.

పాత_పేపర్ల_కట్ట
ఒప్పుకుంటా. చందాలు ఇచ్చింది జనం. నేను బడి గొప్పని తక్కువ చేశానే గానీ జనాన్ని కాదు.

ఫోయిల్_ఒడ్డున
ఇంత చరిత్ర వస్తుందనుకోలేదు! మా వార్డులో ఒక పెద్దావిడ తన అన్నదమ్ముల గురించి చెప్పింది. ఒకడు పరీక్ష నెగ్గి "కాలేజీ"కి వెళ్ళాడట (ఇక్కడ పాతవాళ్ళు ఆ బడిని కాలేజీ అనే అంటారు), ఇంకొకడు నెగ్గలేదు. పెద్దయ్యాక కూడా పండగ భోజనాల దగ్గర ఇద్దరూ ఎడమొహం పెడమొహమేనట.

నైట్‌డ్యూటీ_శిరీష
అక్కడికే వస్తున్నా. అందరూ నెగ్గినవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. సుమారు నాలుగోవంతు పిల్లలు నెగ్గేవాళ్ళు. మిగతా మూడొంతులు? పదకొండేళ్ళకే "నువ్వు ఈ పక్క, నువ్వు ఆ పక్క" అని తేల్చేశారు. డెర్రీలో ఆ రెండో పక్క మగపిల్లలకి క్రెగ్గన్‌లో సెయింట్ జోసెఫ్స్ లాంటి బడులు. వాళ్ళలో ఎంతమంది హీనీలు ఉండేవారో ఎవరు లెక్కకట్టారు?

నేను గుంటూరు దగ్గర ఒక హాస్టల్లో చదివా. పేరు అనవసరం. అక్కడ ఏడో తరగతిలోనే సెక్షన్లు మార్చేవాళ్ళు. నేను చివరి సెక్షన్. మాకు లెక్కల సారు వారానికోసారి వస్తే గొప్ప. ఇప్పుడు ఐసీయూలో మందుల మోతాదు లెక్కలు నేనే వేస్తున్నా, ఎవరూ చచ్చిపోలేదు. అందుకే ఈ "ఏరి తీసిన బడి" కథలంటే నాకు ఒళ్ళు మంట.

లెక్కల_మాస్టారు
శిరీష గారూ, మీరు నా మొదటి పోస్టునే ఇంకా బాగా చెప్పారు.

నైట్‌డ్యూటీ_శిరీష
మీరు లెక్క చెప్పారు మాస్టారూ, నేను కడుపుమంట చెప్పాను. తేడా ఉంది.

కవితా_పిచ్చి
శిరీషక్కా, లోపల ఉన్నవాళ్ళకి కూడా అదేమీ స్వర్గం కాదు. హీనీ మాస్‌బాన్ పల్లె నుంచి, రైతు ఇంటి నుంచి 1951లో హాస్టల్ విద్యార్థిగా వచ్చాడు. పన్నెండేళ్ళ పిల్లాడు. తర్వాత రాసిన ఒక కవితలో ఆ మొదటి రోజులు చెప్పాడు: ఇంటిమీద బెంగతో, తనకి ఇచ్చి పంపిన బిస్కెట్లు కూడా తినలేక ఒక రాత్రి కంచె మీదుగా విసిరేశాడు. నెలా సంవత్సరంతో సహా రాశాడు, 1951 సెప్టెంబర్ అని. కొండ మీది బడి నుంచి కిందికి చూస్తే బ్రాండీవెల్‌లో కుక్కల పందేల మైదానం దీపాలు, వాటి ముందు పరుగెత్తే కరెంటు కుందేలు. ఆ కవిత డీన్‌కి అంకితం. ఆ ఇద్దరూ బడిలో స్నేహితులు. అదే కవితలో తోలు పట్టీతో కొట్టడం గురించి కూడా ఉంది.

చదువుతుంటే 1953లో తమ్ముడు క్రిస్టఫర్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. నాలుగేళ్ళవాడు. ఆ రోజు బడిలోని సిక్ రూములో కూర్చోవడంతోనే ఆయన బాగా పేరున్న కవితల్లో ఒకటి మొదలవుతుంది. మా అమ్మాయికి ఇక్కడ జీసీఎస్ఈలో (మన పదో తరగతి పరీక్ష లాంటిది) అదే పాఠం. నేను దాన్ని ఒక్కసారి కూడా గట్టిగా చదవలేకపోయాను.

గోదావరి_గట్టు
కొట్టడం దగ్గర ఆగాలి. డీన్, మెకాన్ ఇద్దరూ ఆ బడి కర్కశత్వం గురించి బాహాటంగానే చెప్పారు. పాదర్ల పాలన, తోలు పట్టీ, తలొంచుకుని ఉండటం. అందులోంచి తిరుగుబాటుదారు మెకాన్ వచ్చాడంటే బడి నేర్పిందా, బడి మీద కోపం నేర్పిందా?

సికింద్రాబాద్_సుబ్బు
మా బళ్ళో బ్రదర్ గారి బెత్తం వల్ల నేను తిరుగుబాటుదారుని అవలేదు, వెనక గోడ దూకడం మాత్రం బాగా వచ్చింది.

బెల్‌ఫాస్ట్_బుజ్జి
😂 సుబ్బన్నా, ఆ విద్య డెర్రీ గోడల దగ్గర పనికిరాదు. 1689లో వంద రోజులకు పైగా ముట్టడి జరిగితే కూడా ఎవరూ దూకలేకపోయారు. బడి పాత ప్రాంగణంలో పాత గాలిమర మొండెం ఒకటి ఉంది. ఆ ముట్టడిలో విండ్‌మిల్ హిల్ దగ్గర జరిగిన పోరాటాలు ఆ చుట్టుపక్కలే.

కిట్టయ్య_కోచ్
అందరూ కవులేనా? ఆటలు ఎవరూ ఎత్తరేం? 1965లో హోగన్ కప్ ఈ బడిదే. గేలిక్ ఫుట్‌బాల్‌లో ఐర్లండ్ మొత్తం మీద కాలేజీల ఛాంపియన్. ఆ ఏడాదే అల్స్టర్ స్థాయి మెక్‌రోరీ కప్ కూడా. ఇంకా మార్టిన్ ఓనీల్, కిల్‌రే ఊరి పిల్లాడు, ఇక్కడ బోర్డింగులో ఉండి తర్వాత బెల్‌ఫాస్ట్ సెయింట్ మలాకీస్‌కి వెళ్ళాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 1980 యూరోపియన్ కప్ ఫైనల్ ఆడి గెలిచాడు. 1982 ప్రపంచ కప్‌లో ఆతిథ్య జట్టు స్పెయిన్‌ని ఓడించిన ఉత్తర ఐర్లండ్ జట్టుకి కెప్టెన్. నోబెల్ అంటే నోబెల్ అంటారు గానీ వాలెన్సియాలో స్పెయిన్‌ని కొట్టడం తక్కువా?

లెక్కల_మాస్టారు
సెయింట్ మలాకీస్ వాళ్ళు కూడా ఓనీల్ మావాడే అంటారు. ఒక ర్యాంకు, రెండు ఫ్లెక్సీలు. ఇది మనకి కొత్త కాదు.

కిట్టయ్య_కోచ్
దానికి నా దగ్గర జవాబు లేదు 😅

పాత_పేపర్ల_కట్ట
అసలు విషయానికి వస్తా. ఈ చదువు ఊరికి ఏం చేసింది అన్నది చూడాలి. డెర్రీలో క్యాథలిక్‌లే ఎక్కువమంది. అయినా ఎన్నికల వార్డుల గీతలు గీసిన తీరు వల్ల కార్పొరేషన్ యూనియనిస్టుల చేతిలో ఉండేది. ఇల్లు కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా వాళ్ళ దయ. అలాంటి ఊళ్ళో 1950ల్లో ఉచితంగా గ్రామర్ చదువు చదివిన మొదటి బ్యాచ్‌లు 1960లకి పాతికేళ్ళ వాళ్ళయ్యారు. మైనూత్ సెమినరీలో పాదర్ చదువు వదిలేసి వచ్చిన హ్యూమ్ ఇదే బడిలో ఫ్రెంచి, చరిత్ర పాఠాలు చెప్పాడు. 1960లో ఇంకొందరితో కలిసి క్రెడిట్ యూనియన్ పెట్టాడు. మన పొదుపు సంఘాల పద్ధతే. 1965లో కొత్త యూనివర్సిటీ డెర్రీకి కాకుండా కోల్‌రేన్‌కి ఇవ్వాలని లాక్‌వుడ్ కమిటీ చెబితే, ఊరంతా కార్లెక్కి స్టోర్మాంట్‌కి, అంటే ఉత్తర ఐర్లండ్ పార్లమెంటుకి, వెళ్ళింది. ముందు నిలబడింది హ్యూమే. అయినా యూనివర్సిటీ కోల్‌రేన్‌కే పోయింది. 1968 అక్టోబర్ 5న డ్యూక్ స్ట్రీట్‌లో పౌరహక్కుల ఊరేగింపు మీద పోలీసుల లాఠీలు. ఆ ఊరేగింపు ఏర్పాట్లలో ముందున్నది మెకాన్. చదువు ఇస్తే ఏమవుతుందో పాలకులకి అప్పుడు అర్థమైంది.

బెల్‌ఫాస్ట్_బుజ్జి
కానీ హ్యూమ్, మెకాన్ ఒకే పంథా వాళ్ళు కాదు. హ్యూమ్ మితవాది, పార్లమెంటు దారి. 1970లో ఎస్‌డీఎల్‌పీ అనే పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడు. మెకాన్ సోషలిస్టు, చర్చి పాలన అంటే అస్సలు పడదు. ఒకే బడి, ఎదురెదురు దారులు. అందుకే "బడి వీళ్ళని తయారు చేసింది" అన్న మాట నాకూ పూర్తిగా ఎక్కదు.

ఫోయిల్_ఒడ్డున
బిషప్ డాలీ అంటే ఆ ఫొటోలో ఉన్నాయనేనా? తెల్ల రుమాలు ఊపుతూ...

బెల్‌ఫాస్ట్_బుజ్జి
ఆయనే. 1972 జనవరి 30, బ్లడీ సండే. అప్పటికి మామూలు పాదర్. సైన్యం కాల్పుల్లో పడిపోయిన కుర్రాణ్ణి మోసుకెళ్తున్నవాళ్ళకి దారి కోసం, నెత్తురంటిన రుమాలు ఊపుతూ వంగి ముందు నడిచాడు. ఆ రోజే పదమూడు మంది చనిపోయారు. రెండేళ్ళకి డెర్రీ బిషప్ అయ్యాడు.

కవితా_పిచ్చి
ఒకటి కలుపుతా. 1980లో ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రే కలిసి డెర్రీలో ఫీల్డ్ డే నాటక సంస్థ పెట్టారు. మొదటి ప్రదర్శన గిల్డ్‌హాల్‌లో. ఎప్పుడో కార్పొరేషన్ పెత్తనానికి గుర్తుగా ఉన్న భవనం అది! ఆ సంస్థ నడిపినవాళ్ళలో హీనీ, డీన్ ఉన్నారు. అంటే ఆరుగురు డైరెక్టర్లలో ముగ్గురు ఈ బడి పాత విద్యార్థులే. బడి తయారు చేసిందా లేదా అన్నది మీరు తేల్చుకోండి. వాళ్ళని ఒకరికొకరిని చూపించింది మాత్రం ఆ బడే. నాకు అది చిన్న విషయంగా కనిపించదు. చట్టం ఆ పని చేయలేదు.

నైట్‌డ్యూటీ_శిరీష
ఈ మాట బాగుంది. కానీ ఒకరికొకరు కనిపించాలంటే ఒకే గదిలో కూర్చోబెట్టాలి కదా? పదకొండేళ్ళకి విడదీయకుండా అందర్నీ ఒకేచోట ఉంచితే ఇంకా ఎక్కువమంది కనిపించేవారు.

పాత_పేపర్ల_కట్ట
శిరీషమ్మా, నేను ఆ విషయంలో నీతో వాదించను. నువ్వన్నది ఇక్కడ ఇప్పటికీ తేలని గొడవ. సర్కారు ఇలెవన్ ప్లస్ చివరిసారి జరిగింది 2008లో. ఎత్తేశాక గ్రామర్ స్కూళ్ళు సొంతంగా టెస్టులు పెట్టుకున్నాయి. క్యాథలిక్ వాళ్ళలో ఎక్కువమంది ఒక కంపెనీ పేపరు, మిగతావాళ్ళు ఇంకొకటి. రెండు రకాల స్కూళ్ళకి అప్లై చేసే పిల్లాడు రెండూ రాయాలి. 2023 నవంబర్ నుంచే అందరికీ ఒకటే టెస్టు వచ్చింది.

ఫోయిల్_ఒడ్డున
మావాడి సంగతి అదే. నవంబర్‌లో రెండు శనివారాలు, ఇంగ్లిషు, లెక్కలు. వాడికంటే మా ఆవిడకి టెన్షన్ ఎక్కువ. ఇంతకీ మేం హిందువులం, క్యాథలిక్ బడిలో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

నైట్‌డ్యూటీ_శిరీష
మన ఊళ్ళో సగంమంది చదివింది మిషన్ స్కూళ్ళలోనే కదండీ, పొద్దున్నే ప్రేయర్ చెప్పి సాయంత్రం హనుమాన్ గుడికి వెళ్ళాం. ఇక్కడా వేరే మతాల పిల్లలు క్యాథలిక్ బడుల్లో చదువుతున్నారు. అయితే ఊరి మాట వినకండి. ప్రతి బడీ ఏటా అడ్మిషన్ షరతులు ప్రకటిస్తుంది. టెస్టు మార్కులు చూస్తారా, అన్నదమ్ములు ఉంటే ముందా, ఏ ప్రైమరీ నుంచి వస్తే ముందా, అన్నీ అందులోనే ఉంటాయి. అది ముందు చదవండి. ఓక్‌గ్రోవ్ అని అన్ని మతాల వాళ్ళూ కలిసి చదివే ఇంటిగ్రేటెడ్ కాలేజీ కూడా ఉంది, 1992 నుంచి. అదీ ఒకసారి వెళ్ళి చూసిరండి.

బెల్‌ఫాస్ట్_బుజ్జి
వెళ్ళేటప్పుడు బిషప్ స్ట్రీట్‌కి వెళ్ళి వెతక్కండి అన్నా. సెయింట్ కొలంబ్స్ 1970ల్లోనే బంక్రానా రోడ్డు వైపు మొదలుపెట్టింది, తర్వాత మొత్తం అక్కడికే వెళ్ళింది. హీనీ చదివిన పాత కట్టడాల్లో ఇప్పుడు లూమెన్ క్రిస్టీ అనే ఇంకో బడి ఉంది. అది 1997లో పెట్టింది, ఆడామగా కలిపి. హీనీ గోడలు కావాలా, హీనీ బడి పేరు కావాలా, ముందు తేల్చుకోండి 😄

సికింద్రాబాద్_సుబ్బు
గోడలు ఒకరికి, బోర్డు ఒకరికి. అన్నదమ్ముల పంపకంలా ఉంది.

గోదావరి_గట్టు
ఇంత మాట్లాడి అదే ఊళ్ళో ఎదుటి పక్షం బడిని వదిలేశారు. ఫోయిల్ కాలేజీ, 1617 నాటిది. ప్రొటెస్టెంట్ల పిల్లలు చదివిన బడి. మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న లారెన్స్ సోదరులు అక్కడివాళ్ళే. 1857లో లక్నో రెసిడెన్సీలో చనిపోయిన హెన్రీ లారెన్స్, 1864 నుంచి 1869 దాకా వైస్రాయ్‌గా చేసిన జాన్ లారెన్స్. హెడ్మాస్టరు వాళ్ళ మేనమామ. ఒక బడి మన మీదికి వైస్రాయ్‌ని పంపింది, ఇంకో బడి ఆ రాజ్యం పద్ధతుల్నే ప్రశ్నించే వాళ్ళని పెంచింది. రెండూ ఒకే ఊళ్ళో.

లెక్కల_మాస్టారు
ఇది మాత్రం నాకు తెలియదు. వైస్రాయ్ ఒక ర్యాంకు కింద లెక్కా?

గోదావరి_గట్టు
లండన్‌లో వాటర్లూ ప్లేస్‌లో విగ్రహం పెట్టారు మాస్టారూ. ఎవరి ఫ్లెక్సీ వాళ్ళది.

కిట్టయ్య_కోచ్
ఫోయిల్ వాళ్ళు గేలిక్ ఆడరు గానీ రగ్బీ ఆడతారు. అబ్బాయికి ఏ ఆట ఇష్టమో అడిగారా అసలు?

ఫోయిల్_ఒడ్డున
క్రికెట్ 🏏

కిట్టయ్య_కోచ్
అయితే ఇంకో థ్రెడ్ తెరవండి. బ్రెడీ వైపు క్లబ్బుల గురించి నా దగ్గర బోలెడు ఉంది.